ఓటునకై వేసిన ఒట్టు



కొన్ని యేండ్ల క్రిందట, శాసనసభ ఎన్నికలకు ముందటి రాత్రి, ఊరు మాటుమణిగిన తరువాత, మా యింటి తలుపు ఎవరో తట్టిరి. తీసి చూడగా మా సంఘములోని ఒక విధవరాలు నిలిచియుండెను. పత్తి ఏరుటకు కూలికి పోయి పిల్లవానిని పెంచుకొనుచున్న స్త్రీ ఆమె. ఆదివారపు ఆరాధన తప్పనిది. లోనికి రమ్మనినను రాక, గడప యొద్దనే నిలిచి, కొంగు ముడిని గట్టిగా పట్టుకొని ఇట్లడిగెను:

"అయ్యగారూ, పొద్దుమూకి వాళ్లొచ్చి పైసలిచ్చిన్రు. ఊకె ఇయ్యలేదు. బైబిలు మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టు వేయించుకున్నరు. నా మనసు వాళ్ల దిక్కు లేదు. రేపు ఒట్టు తప్పితే దేవుడు నన్ను కొడ్తడా? నా కొడుక్కేమన్న అయితదా?"

ఎన్నికల దినములలో ఊరూర మైకులు మ్రోగును. ఎవరు గెలుతురు, ఎవరు ఓడుదురు అను మాట టీకొట్టు మొదలుకొని పత్తిచేను వరకు వినబడును. ఈ పేదరాలి ప్రశ్న మాత్రము ఏ మైకులోను వినబడదు. అయినను జనగామ మొదలుకొని మానుకోట, భూపాలపల్లి వరకు మన పల్లె సంఘములలో అనేకుల మనస్సాక్షిని ఆ రాత్రి కలతపెట్టు ప్రశ్న ఇదియే. ఆశ చూపి ఓటు అడుగుట ఒకటి, దేవుని పేరుతో కట్టివేసి ఓటు అడుగుట మరియొకటి. ఆమెకు నేను చెప్పిన జవాబును, చెప్పలేక తల వంచుకొనిన జవాబును మీ యెదుట ఉంచుచున్నాను.

పితరుల స్వాస్థ్యము

ఆ కొంగు ముడిలోని నోటునకు బదులుగా ఆమె యొద్ద అడుగబడినది ఏమిటి? ముందుగా అది తెలిసికొనవలెను.

మన తాతలకు ఓటు లేదు. నిజాము ఏలుబడిలో మన పల్లెలలో దొర మాటయే చట్టము. పనిపాటలు చేయువారు దొర గడికి వెట్టి చేయవలసియుండెను. మన సంఘములకు పునాది వేసిన పెద్దలలో అనేకులు అట్టి వెట్టి చేసినవారే. జనగామ తాలూకా ఆ కాలమున నల్లగొండ జిల్లాలో ఉండెను. అచ్చటి కడవెండి గ్రామములో 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుషుల తుపాకి గుండునకు ప్రాణము విడిచెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన పొలములోని పంట కొరకు అదే దేశముఖునకు ఎదురు నిలిచెను. ఆ పోరాటములో ఇరుప్రక్కల రక్తము కారెను. అందులోని ప్రతి కార్యమును క్రైస్తవుడు మెచ్చుకొనజాలడు. అయితే 1951 అక్టోబరులో ఆ పోరాటము విరమింపబడెను. కొలది మాసములలోనే, 1952 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలో, అదే జనము ఓటు పెట్టెల యొద్ద వరుసగా నిలిచిరి. నల్లగొండ లోకసభ స్థానమున రావి నారాయణరెడ్డిగారికి 3,09,162 ఓట్లు వచ్చెను. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారికి వచ్చిన ఓట్లకంటెను అవి ఎక్కువ. ఆయన పక్షమును పొగడుటకు ఇది వ్రాయుట లేదు. గడిలోని దొరకును ఒకటే ఓటు, గడి ముందు చెప్పులు చేత పట్టుకొని నడచినవానికిని ఒకటే ఓటు అను మాట మన నేలమీద నిజమైనది ఆ దినముననే అని జ్ఞాపకము చేయుటకు వ్రాయుచున్నాను.

ఆ ఎన్నికలలో దేశమందంతట 17 కోట్లకు పైగా ఓటర్లు నమోదైరి. చదువురానివారే ఎక్కువ గనుక, ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టెమీద ఒక గుర్తు పెట్టిరి. అయితే సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు జాబితాలోనుండి తీసివేయవలసివచ్చెను. ఏలయనగా వారు, ముఖ్యముగా ఉత్తరాది రాష్ట్రములలో, తమ సొంత పేరు చెప్పక 'ఫలానావాని భార్య' అనియు 'ఫలానావాని తల్లి' అనియు వ్రాయించిరి. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు దానికి ఒప్పుకొనలేదు. ప్రతి మనిషియు తన పేరుతోనే నిలువవలెను. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచునని యోహాను 10వ అధ్యాయములో ప్రభువు చెప్పెను గదా! ఊరిలో ఆ విధవరాలిని పిలుచువారు కులము పేరుతోనో, పిల్లవాని పేరుతోనో పిలుతురు. ఓటరు జాబితాలో మాత్రము ఆమె తన పేరుననే నిలిచియున్నది. దొరసాని పేరును ఆమె పేరును ఒకే కొలతతో అచ్చువేయబడియున్నవి.

1 రాజులు 21వ అధ్యాయములో నాబోతు సంగతి చదువుదుము. అతని ద్రాక్షతోటకు మంచి వెల ఇత్తునని అహాబు రాజు చెప్పెను. నాబోతు అమ్మనొల్లకపోయెను. వెల చాలక కాదు. అది పితరుల స్వాస్థ్యము గనుక, అమ్ముకొనుటకు తనకు హక్కు లేదు గనుక. ఓటును అట్టిదే. పితరులు కన్నీటితో తెచ్చిన దానిని మనము పుచ్చుకొంటిమి, మన పిల్లలకు అప్పగింపవలసియున్నాము. నడుమ కొంతకాలము దానిని కాచు గృహనిర్వాహకులమే గాని మనము సొంతదారులము కాము.

ఒట్టు

ఇక ఒట్టు సంగతి. దేవుని పేరు ఎత్తి చేసిన ప్రమాణము చిన్నది కాదు. "అందులో ఏమున్నదిలే" అని ఆమె భయమును కొట్టివేయుట కాపరికి తగదు. 15వ కీర్తనలో దావీదు, ప్రమాణము చేసి తనకు నష్టము కలిగినను మాట తప్పని మనిషిని మెచ్చుకొనెను. ఆమె ఆ కీర్తనను సంఘములో ఎన్నోసార్లు విన్నది. ఆమె భయము అచ్చటనుండి వచ్చినదే.

అయితే ఆ కీర్తనలోని నష్టము ఎవరిది? తనది. నా మేకను నీకిత్తునని నేను ఒట్టు పెట్టుకొని, మరునాడు దాని ధర రెట్టింపైనను, నీకే ఇయ్యవలెను. నష్టము నాది గనుక నేను ఓర్చుకొనవలెను. గాని నా పొరుగువాని మేకను నీకిత్తునని ఒట్టు పెట్టుకొనినయెడల, ఆ మాట నిలుపుకొనుట నమ్మకత్వము కాదు, అది దొంగతనము. ఓటు అట్టిది. మీట నొక్కు వ్రేలు నాదే. దానివలన వచ్చు నాయకుడు మాత్రము ఊరంతటికిని నాయకుడు. ఊరి మంచినీళ్లు, బడి, ఆసుపత్రి, పక్కింటి ముసలమ్మ పింఛను అతని చేతిలో పెట్టుచున్నాను. అవి నావి కావు గనుక ఒట్టు పెట్టి అమ్ముటకు నాకు అధికారము లేదు. అదే కీర్తన తరువాతి వచనములోనే లంచము పుచ్చుకొననివానిని గూర్చి చెప్పుచున్నది. మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను విడిచిపెట్టువాడు లేఖనమును సగమే చదివినవాడు.

ప్రమాణములన్నియు ఒకటి కావని లేఖనమే చూపుచున్నది. గిబియోనీయులు మోసముచేసి యెహోషువ యొద్ద ప్రమాణము పొందినను, ఇశ్రాయేలీయులు దానిని నిలుపుకొనిరి. ఏలయనగా నిలుపుకొనుటవలన జనుల ప్రాణములు దక్కెను (యెహోషువ 9). హేరోదు విందులో తొందరపడి ఒట్టుపెట్టుకొని, విందువారి యెదుట సిగ్గుపడి, ఒక నీతిమంతుని తల తెప్పించెను (మార్కు 6). అతడు మాట తప్పలేదు. అయినను అతనిని సత్యవంతుడని ఎవడు పిలుచును? ఆలోచన లేక నోరు జారి ఒట్టు పెట్టుకొనినవాడు తన తప్పు ఒప్పుకొని ప్రాయశ్చిత్తము చేసికొనవలెనని లేవీయకాండము 5వ అధ్యాయము చెప్పుచున్నది. అనగా తిరిగి వచ్చుటకు దేవుడు ఒక దారి ఉంచెను.

అందుచేత నేను ఆమెతో ఇట్లు చెప్పితిని: "అమ్మా, ఆ ఒట్టు వేయుట తప్పే. దానిని నెరవేర్చుట రెండవ తప్పు. మొదటిదానిని ప్రభువు పాదముల యొద్ద ఒప్పుకొనుము. రెండవదానిని చేయకుము. తల్లి కొంగు ముడి చూచి పిల్లవానిని కొట్టు దేవుడు కాడు మన దేవుడు."

ఇచ్చట ఒక మాట చెప్పక విడువరాదు. "అందరి యొద్దను తీసికొనుము, నీకు నచ్చినవానికి వేయుము, ఆ డబ్బు మననుండి దోచినదే గదా" అని చెప్పువారు మన పెద్దలలో కూడ ఉన్నారు. ఆకలితోనున్న ఇంటికి ఆ మాట తీపిగా నుండును. అట్టి ఇంటిని నేను నిందింపను. అయినను ఆలోచింపుడు. అది మన డబ్బే అయినయెడల ఊరందరి డబ్బు, రోడ్డుకు పోయవలసిన కంకర డబ్బు, బడి పైకప్పు డబ్బు. నేనొక్కడను ముడివేసికొనుట ఎట్లు? మరియు మనస్సులో ఒకటి పెట్టుకొని నోట మరియొకటి ఒట్టు వేయువాడు డబ్బిచ్చినవానిని మోసగించితినని తలంచును గాని, ముందుగా తన నాలుకనే పాడుచేసికొనుచున్నాడు. ఇంకొక సంగతి. ఆరు నెలల తరువాత బోరు చెడిపోయినదని అడుగబోయిన ఊరివారికి ఏ జవాబు వచ్చునో మీరెరుగుదురు: "ఊకె వేసిన్రా? పైసలు తీసుకోలేదా?" కొనినవాడు బాకీపడడు. ఓటు వేసి నాయకుని అడుగు హక్కును, ఓటు అమ్మినవాడు ఆ నోటుతో పాటు అమ్మివేయుచున్నాడు. చట్టము సయితము ఓటునకు లంచమిచ్చినవానిని, పుచ్చుకొనినవానిని ఇరువురిని నేరస్థులుగానే చూచుచున్నది. ఒక సంవత్సరము వరకు జైలుశిక్ష విధింపవచ్చును.

తలుపు మూసిన గది

ఆమెకు మరియొక భయముండెను. "ఎవరికేసిందో మిషన్ల తెలుస్తదట గద అయ్యగారూ?" అని అడిగెను. డబ్బు పంచినవారు ఈ మాటను కావలెననియే పుట్టింతురు. కావున పోలింగు కేంద్రములో జరుగు పనిని ఆమెకు వరుసగా చెప్పితిని. మీలో మొదటిసారి ఓటు వేయబోవు యౌవనస్థుల కొరకు ఇచ్చటను వ్రాయుచున్నాను.

లోనికి పోగానే ఒక అధికారి జాబితాలో మీ పేరు చూచి, గుర్తింపు కార్డు చూచి, పేరు బిగ్గరగా చదువును. అభ్యర్థుల ఏజెంట్లు వినుచుందురు. వేరొకరు మీ పేరున ఓటు వేయకుండుటకై ఈ ఏర్పాటు. మరియొకరు మీ ఎడమచేతి చూపుడువ్రేలికి చెరగని సిరా పెట్టి, పుస్తకములో సంతకమో వ్రేలిముద్రయో తీసికొందురు. తరువాత మీరు అట్టల మరుగునకు ఒంటరిగా పోవలెను. అచ్చటికి భర్త రాడు, పెద్దమనిషి రాడు, పాస్టరు రాడు. యంత్రముమీద పేరు, గుర్తు చూచి దాని ప్రక్కనున్న నీలపు మీట నొక్కవలెను. ఎఱ్ఱ దీపము వెలుగును. ప్రక్కనున్న పెట్టె అద్దములో మీరు వేసిన గుర్తుతో ఒక చీటి ఏడు సెకండ్లు కనబడి, తెగి లోపలి పెట్టెలో పడును. ఆ చీటిమీద గుర్తుండును గాని మీ పేరుండదు. యంత్రము లెక్క ఉంచుకొనును గాని ముఖము ఉంచుకొనదు. ఆ కేంద్రములో మొత్తము ఎవరికి ఎన్ని వచ్చెనో తరువాత తెలియును. ఏ మనిషి ఎవరికి వేసెనో తెలియదు. న్యాయస్థానములో సాక్షిగా నిలిచినవానిని సయితము "నీవు ఎవరికి ఓటు వేసితివి" అని అడిగి బలవంతపెట్టకూడదని చట్టమున్నది.

ఆ అట్టల మరుగు నాకు మత్తయి 6వ అధ్యాయమును జ్ఞాపకము చేయును. ప్రార్థన చేయువాడు గదిలోనికి పోయి తలుపు వేసికొని, రహస్యమందున్న తండ్రితో మాటలాడవలెనని ప్రభువు నేర్పెను. మనుష్యుల చూపునుండి విడిపించి ఆయన మనలను దేవుని చూపు క్రింద నిలువబెట్టును. ఓటు వేయు చోటును అట్టిదే. అచ్చట మనిషి భయము లేదు. దేవుని భయము మాత్రము మిగిలియున్నది. కాబట్టి దేవుని భయమును మనిషికి అమ్ముటకు చూచువాడు గొప్ప దోషము చేయుచున్నాడు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 123వ సెక్షను, "ఫలానావారికి వేయకపోతే దేవుని కోపము నీమీదికి వచ్చును" అని ఓటరును నమ్మించుటను అవినీతి కార్యముగా ఎంచినది. ఈ సెక్షను ఒట్టు వేయించుకొనినవారికి మాత్రమే కాదు, ప్రసంగపీఠము ఎక్కు మాకును తగిలియున్నది. దేవుని పేర ఒక గుర్తునకు ఓట్లడుగు పాస్టరు చట్టమును మీరినవాడగును. అంతకుముందే మూడవ ఆజ్ఞను మీరినవాడగును.

ఆమె తిరుగు ప్రశ్న

ఇంతవరకు నేను చెప్పినవాడను, ఆమె వినినది. "మిగిలిన డబ్బు తిరిగి ఇచ్చివేయుము" అని కూడ చెప్పితిని. సగము పిల్లవాని జ్వరపు మందులకు అయిపోయెననెను. మిగిలినది కానుకల పెట్టెలో వేయనా అని అడిగెను. వద్దంటిని. యూదా పారవేసిన వెండి నాణెములను ఆ ప్రధానయాజకులే కానుకల పెట్టెలో వేయకూడదనిరి గదా. అప్పుడామె కొంతసేపు ఊరకుండి, నా ముఖమువైపు చూడక, మెల్లగా అనెను:

"మరి మన గుడి గోడ, అయ్యగారూ?"

ప్రియులారా, ఆ మాటకు నాయొద్ద జవాబు లేదు. అంతకుముందటి ఎన్నికల కాలములో ఒక అభ్యర్థి మా దేవాలయమునకు ప్రహరీగోడ కట్టించియిచ్చెను. కమిటీవారు సంతోషించిరి, నేనును సంతోషించితిని. ఆదివారము ఆరాధనలో అతనిని వేదిక యొద్దకు పిలిచి వందనములు చెప్పితిని. "ఇతనికి వేయుడి" అని నేను నోట చెప్పలేదు. చెప్పనవసరము లేకపోయెను. గోడయే చెప్పుచుండెను. ఆమె పుచ్చుకొనినది పిల్లవాని జ్వరమునకు, నేను పుచ్చుకొనినది దేవుని మందిరమునకు. ఆమె తన ఒక్క ఓటును ముడివేసెను, నేను సంఘమంతటి ఓట్లను ముడివేసితిని. మా ఇద్దరిలో ఎక్కువ బాకీపడినవాడను నేనే. "ఆ తప్పు నాది అమ్మా" అని ఆమెతో చెప్పితిని. ఇద్దరము ఆ గడప యొద్దనే ప్రార్థన చేసికొంటిమి.

మరునాడు ఆమె ఓటు వేసివచ్చెను. ఎవరికని నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు. మిగిలిన డబ్బును తెచ్చినవాని చేతిలోనే పెట్టెనని తరువాత తెలిసినది. అతడు నవ్వెనట. ఇక గోడ సంగతి కమిటీలో పెట్టగా పెద్ద తగవు పుట్టెను. "దేవుని పనికి ఎవరిచ్చిననేమి" అనిరి కొందరు. చివరకు మూడు సంగతులు ఒప్పుకొంటిమి. దాత పేరున్న రాయి తీసివేయవలెను. ఇకమీదట ఎన్నికల కాలమున ఏ అభ్యర్థి కానుకయు తీసికొనరాదు. గోడకు ఎంత అయినదో అంత సొమ్ము పిడికెడు బియ్యపు కానుకలనుండి కూర్చి ఊరి బడికి ఇయ్యవలెను. ఆ సొమ్ము ఇంకను పూర్తి కాలేదు. గోడ చూచినప్పుడెల్ల ఆ బాకీ నాకు జ్ఞాపకము వచ్చును.

ఈ తప్పు పాస్టరుతోనే ఆగదు. గ్రామపంచాయతి ఎన్నికలు వచ్చినప్పుడు కొన్ని ఊళ్లలో సర్పంచి పదవిని వేలముపాట వేయుదురు. ఎక్కువ పాడినవాని సొమ్ము గుడికో ఊరి పనికో పోవునని చెప్పి, దానికి 'ఏకగ్రీవము' అను మంచి పేరు పెట్టుదురు. పోటీ లేకుండ ఊరంతయు ఒక మంచివానిని ఒప్పుకొనినయెడల అది దీవెనయే. వేలమువలన వచ్చినది ఏకగ్రీవము కాదు. అది ఊరందరి ఓట్లను నలుగురు కూర్చుండి అమ్ముట. ఆ సొమ్ముతో దేవాలయమే కట్టినను, దానికి కొనిన స్వాస్థ్యము నాబోతుదే.

మనవారు, పొరుగువారు

దోర్నకల్లులో బిషపుగానుండిన వి. ఎస్. అజరయ్యగారిని మన పెద్దలు ఎరుగుదురు. 1912 డిసెంబరు 29న అభిషేకము పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషపు. 1932లో బ్రిటిషు ప్రభుత్వము మతములవారీగా ప్రత్యేక నియోజకవర్గములు ప్రకటించి, భారతీయ క్రైస్తవులకును వేరు స్థానములు ఇచ్చుటకు ఏర్పరచెను. అజరయ్యగారు దానిని సంతోషముతో పుచ్చుకొనక ఎదిరించిరి. సంఘము క్రీస్తు శరీరము. అది ఓట్ల లెక్కలో ఒక వర్గముగా మారినయెడల దాని సాక్ష్యము చెడునని ఆయన యెంచిరి. ఇతరులు దీనిని వేరుగా తలంచిరి. పేద సమాజమునకు రక్షణ అవసరమను వారి మాటలోను బలము లేకపోలేదు. అయినను ఈనాడు "మీ చర్చి ఓట్లు ఎన్ని?" అని మన గుమ్మము యొద్ద అడుగువారిని చూచినప్పుడు, ఆ బిషపుగారి భయము నాకు అర్థమగుచున్నది. చర్చికి ఓట్లు లేవు. చర్చిలోని మనుషులకు ఓట్లున్నవి.

అయితే ఎవరిని ఎన్నుకొనవలెను? పేరు చెప్పుట నా పని కాదు. లేఖనములోని ఒక ఎన్నికను చూపెదను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో, యెరూషలేము సంఘమున గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రకు అనుదిన భోజనము సరిగా అందుట లేదని సణుగు పుట్టెను. అపొస్తలులు తామే మనుషులను నియమింపక, మంచిపేరు పొందిన ఏడుగురిని మీలోనుండి ఏర్పరచుకొనుడని సంఘముతో చెప్పిరి. సంఘము ఏర్పరచిన ఏడుగురి పేర్లను చదివిచూడుడి. అన్నియు గ్రీకు పేర్లే. ఎక్కువమంది హెబ్రీయులుండియు, ఎవరి విధవరాండ్రకు అన్యాయము జరిగెనో వారివైపు మనుషులనే ఎన్నుకొనిరి. ఓటు వేయుటకు ముందు క్రైస్తవుడు వేసికొనవలసిన ప్రశ్న ఇచ్చట దొరకుచున్నది. ఇతడు మనవాడా అనునది ఆ ప్రశ్న కాదు. ఊరిలో అందరికంటె వెనుకబడిన ఇంటికి ఇతని చేతిలో అన్నము అందునా?

మహబూబాబాదు లోకసభ స్థానము, మహబూబాబాదు, దోర్నకల్ శాసనసభ స్థానములు షెడ్యూల్డు తెగలవారికి ప్రత్యేకింపబడియున్నవి. "ఇది మన సీటు కాదు, మనకెందుకు" అనువారిని నేను వినియున్నాను. నిలుచువారు ఆ తెగలవారు. ఓటు వేయువారు అందరును. తండాలోని పొరుగువాడు నీకును ప్రతినిధియే.

భూపాలపల్లి అడవి పల్లెలలో మరియొక శోధన ఉండెను. ఎన్నికలను బహిష్కరింపుడని నక్సలైట్ల పిలుపు ఒకవైపు, తుపాకులతో కాపలా మరియొకవైపు, నడుమ పేదవాని వ్రేలిమీది సిరా చుక్క. 2023 నవంబరు 30 నాటి శాసనసభ ఎన్నికలలో సయితము భూపాలపల్లి, ములుగు వంటి 13 స్థానములలో భద్రత నిమిత్తము సాయంకాలము 4 గంటలకే పోలింగు ముగించిరి. మిగిలినచోట్ల 5 గంటల వరకు జరిగెను. అట్టి చోట్ల అడవిదారిన నడచిపోయి ఓటు వేసివచ్చిన ముసలివారిని తలంచినప్పుడు, ఇంటి ప్రక్కనున్న బడికి పోవుటకు బద్ధకించిన మనము సిగ్గుపడవలెను.

"నా ఒక్క ఓటువలన ఏమగును?" అని కొందరందురు. 1989లో అనకాపల్లి లోకసభ స్థానమున గెలిచినవానికి ఎక్కువ వచ్చిన ఓట్లు 9. 2009లో మన జనగామ శాసనసభ స్థానమున తేడా 236. ఒక పెద్ద సంఘపు ఆదివార ఆరాధనకు వచ్చువారంత! అయినను లెక్క కుదిరినప్పుడు మాత్రమే ఓటు విలువగలదని నేను చెప్పను. విధవరాలు వేసిన రెండు కాసులవలన దేవాలయపు పెట్టె నిండలేదు. ప్రభువు మాత్రము వాటిని చూచెను.

కావున ఎన్నికలు వచ్చుటకు ముందే మీ పేరు జాబితాలో ఉన్నదో లేదో చూచుకొనుడి. 1950 నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును. 18 యేండ్లు నిండిన మీ పిల్లల పేర్లు ఆరవ నంబరు ఫారముతో చేర్పించుడి. 1989కి పూర్వము 21 యేండ్ల వరకు ఆగవలసియుండెను. పోలింగు దినమున కూలి పోవునని భయపడకుడి, ఆ దినము వేతనముతో సెలవియ్యవలెనని చట్టమున్నది. నిలిచినవారిలో ఎవరును తగరని మీ మనస్సాక్షి చెప్పినయెడల, 2013 సుప్రీంకోర్టు తీర్పు తరువాత యంత్రముమీద చివరను అందుకును ఒక మీట ఉన్నది. ఇంట్లోనే కూర్చుండుటకంటె అది మేలు. గెలిచినవాని కొరకు, మీరు ఓటు వేయకపోయినను, ప్రార్థించుడి. అతడు తప్పినప్పుడు అడుగుడి. అడుగుటకు మీ చేయి శుభ్రముగా ఉంచుకొనుడి. ఈ నియమమునే మన పాస్టరేటు కమిటీ ఎన్నికలలోను పాటించుడి. దేవుని యింట ఓట్లు అడుక్కొని, కొని, ఊరిలో నీతిని ప్రకటించుట ఎట్లు?

ప్రార్థింతము: ప్రభువా, మా పితరులకు లేనిదానిని మాకిచ్చితివి. దానిని భయమునకును ఆశకును అమ్ముకొనకుండ మమ్మును కాపాడుము. నోరు జారి వేసిన ఒట్టులను క్షమించుము. నీ మందిరపు గోడల కొరకు నీ బిడ్డలను తాకట్టుపెట్టిన మా కాపరులను క్షమించుము. ఆ అట్టల మరుగున మేము ఒంటరిగా నిలిచినప్పుడు నీవు మాతో నుండుము. మా వ్రేలు కదలుటకు ముందు మా ఊరిలోని అతి పేద ఇంటిని మా కన్నుల యెదుట నిలుపుము. ఆమేన్.